రెండో చిల్లు

పాలిటెక్నిక్‌లో 31 ఏళ్లు మెకానికల్ పాఠాలు చెప్పాను. డీజిల్ సైకిల్ బొమ్మ నల్లబల్ల మీద పుస్తకం చూడకుండా గీసేవాణ్ణి. నా దగ్గర చదివిన కుర్రాళ్లు కొందరు ఇవాళ పెద్ద ఓడల్లో ఇంజనీర్లు. అలాంటి నేను, నా సొంత పడవలో ఇంజన్ ఎందుకాగిపోతోందో తెలుసుకోడానికి రెండు నెలలూ, నలభై వేల పైచిలుకు రూపాయలూ, బావమరిది దగ్గర మిగిలున్న కాస్త పరువూ ఖర్చుపెట్టాను. తీరా కారణం తెలిసిన రోజున ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పలేకపోయాను. "ఏదో చిన్న లోపంలే, సరిచేశాం" అని కాళ్లు కడుక్కుని అన్నానికి కూచున్నాను. అబద్ధం కాదు. చిన్నదే. చిటికెన వేలు కూడా పట్టనంత చిన్నది.

రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బుతో స్థలం కొనమన్నారు అందరూ. నేను పడవ కొన్నాను. విశాఖలో ఒకాయన సరదాకి తెప్పించుకుని, సరదా తీరాక అమ్మకానికి పెట్టిన 26 అడుగుల ఫైబర్ బోటు. లోపల మూడు సిలిండర్ల జపాన్ డీజిల్ ఇంజన్. దాన్ని కాకినాడ తెచ్చి, జగన్నాథపురం దగ్గర ఉప్పుటేట్లో, చేపల బోట్ల వరసకి ఆ చివర కట్టుకున్నాను. చుట్టూ ఉన్నవన్నీ పొట్టకూటికి తిరిగే పడవలు. నాది షికారు పడవ. ఊడ్పుల చేలో గొడుగేసుకుని నిలబడ్డవాడిలా ఉండేది.

ఆ రేవులో నా అంత చదువుకున్నవాళ్లు ఎవరూ లేరనుకునేవాణ్ణి. నా అంత తీరిక ఉన్నవాళ్లయితే నిజంగానే లేరు. చదువూ తీరికా ఒకేచోట చేరితే ఏమవుతుందో నన్ను చూస్తే తెలుస్తుంది.

మొదట ఒక రూళ్ల పుస్తకం కొన్నాను. ఇంజన్ ఎన్ని గంటలు తిరిగింది, ట్యాంకులో డీజిల్ ఎంతుంది, ఆయిల్ ఎప్పుడు మార్చాను, అన్నీ ఎర్ర సిరా నీలం సిరాలతో రాసేవాణ్ణి. ఫిల్టర్ కింద గిన్నెలో దిగిన నీళ్లు వారానికోసారి వదిలేవాణ్ణి. షాఫ్టుకి బిగించిన జింకు ముక్క ఎంత అరిగిందో చూసేవాణ్ణి. ఉప్పునీళ్లలో రెండు రకాల లోహాలు పక్కపక్కన ఉంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. ఇత్తడి ప్రొపెల్లర్‌కి బదులు తనని తినమని జింకు ఒళ్లప్పగిస్తుంది. ఇలాంటివి పక్క బోటువాళ్లకి వాళ్లు అడక్కుండానే చెప్పేవాణ్ణి. వాళ్లు "ఆయ్, అలాగేనండి" అనేవారు. ఆ "ఆయ్" లో ఎన్ని రకాలున్నాయో నాకప్పటికి తెలీదు.

కారు ఇంజన్ ఎరిగినవాళ్లకి పడవ ఇంజన్‌లో కొత్తగా కనబడేది నీళ్ల ఏర్పాటు. కారుకి ఎదురుగాలీ రేడియేటరూ ఉంటాయి. పడవకి సముద్రమే రేడియేటర్. అడుగున ఉన్న వాల్వులోంచి ఒక పంపు సముద్రపు నీళ్లు లాగుతుంది. ఆ నీళ్లు ఇంజన్‌లో తిరిగే మంచినీళ్ల వేడిని లాక్కుని, తర్వాత పొగ గొట్టంలో కలిసి, సైలెన్సర్‌లోకి దిగి, పొగ తోపుకి వెనకనుంచి బయట పడతాయి. ఇంజన్ స్టార్టవగానే సరంగు ఎవడైనా ముందు వెనక్కి తిరిగి చూస్తాడు. పడవ పొగతోపాటు గుక్కలు గుక్కలుగా నీళ్లు ఉమ్ముతుంటే అంతా బాగున్నట్టు. ఉమ్మకపోతే వెంటనే ఆపాలి. పంపులో ఉండే రబ్బరు చక్రం తడి లేకుండా తిరిగితే నిమిషాల్లో దాని రెక్కలు చిట్లిపోతాయి. ఈ ఉమ్మి సంగతి గుర్తుంచుకోండి. నా బుద్ధిహీనతలో పెద్ద వాటా దానిదే.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే నా జబ్బు మొదణ్ణుంచీ ఒకటే. ఎక్కడ కారినా మూసెయ్యాలి. షాఫ్టు పడవలోంచి బయటికి వెళ్లేచోట గ్లాండు ఉంటుంది. అందులో మైనపు తాడు చుట్టి నట్లు బిగిస్తారు. షాఫ్టు తిరుగుతున్నప్పుడు అక్కడ నిమిషానికి కొన్ని చుక్కలు కారాలి. షాఫ్టుని చల్లగా ఉంచేది ఆ చుక్కలే. నాకది సహించలేదు. చుక్క కూడా పడకుండా బిగించాను. అరగంట తిరిగాక చెయ్యి వేస్తే చురుక్కుమంది. తాడు మాడిన వాసన. పక్క బోటులో వల బాగుచేసుకుంటున్న ఓ ముసలి సరంగు ముక్కు ఎగబీల్చి, "కొంచెం కారనివ్వండి మాస్టారండీ, దానికీ దాహమేస్తది" అన్నాడు. నట్లు వదులు చేశాను. అతను చెప్పాడని కాదు, నేనే తర్కించి తెలుసుకున్నాననుకున్నాను.

జూలైలో వానలు పట్టాయి. తుఫాన్ల కాలం దాటేదాకా పడవని గట్టెక్కించి టార్పాలిన్ కప్పేశాను. పుస్తకంలో ఉన్నట్టే ట్యాంకు మెడదాకా నింపాను. ఖాళీ ట్యాంకులో గాలికి చెమ్మ పట్టి, నీళ్లయి, అడుక్కి దిగుతుంది. నీళ్లకీ డీజిల్‌కీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు పేరుకుంటుంది. ఇక్కడిదాకా నేను చేసింది సరైనదే. ట్యాంకు మూతకి ఉన్న రబ్బరు వాషర్ ఎండి పగుళ్లిచ్చింది. వాననీళ్లు దిగుతాయేమోనని కొత్తది, కాస్త దళసరిది, తెచ్చి వేసి గట్టిగా బిగించాను. ఆ సాయంత్రం పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నాను: "ట్యాంకు పూర్తిగా భద్రం."

అది నిజం. అంత భద్రంగా ట్యాంకు మరెప్పుడూ లేదు.

నవంబరు ఆఖరున పడవ మళ్లీ నీళ్లలోకి దించాను. ఇంజన్ ఒక్క సెల్ఫుకే అందుకుంది. వెనకనుంచి నీళ్లు ఉమ్మింది. ఉప్పుటేరు దాటి, హార్బరు దాటి, బయట నీళ్లలోకి వెళ్లానో లేదో ఇంజన్ గొంతు మారింది. ఓసారి తగ్గి, ఓసారి లేచి, మళ్లీ తగ్గి, ఊపిరాడని మనిషిలా నీరసించి ఆగిపోయింది. నల్ల పొగ లేదు, తెల్ల పొగ లేదు, నీలం పొగ లేదు. గేజులో వేడి మామూలుగానే ఉంది.

నాకు భయం వెయ్యలేదు. సంబరం వేసింది. బాగా వచ్చిన ప్రశ్నే పరీక్షలో పడ్డట్టుంది. డీజిల్ ఇంజన్‌కి నిప్పురవ్వ అక్కర్లేదు. గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకి నొక్కితే దాని వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి డీజిల్‌ని మంచుతుంపరలా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. కాబట్టి ఇంజన్ ఆగిందంటే గాలి అందాలి, డీజిల్ అందాలి, నొక్కుడు బాగుండాలి, ఈ మూడింట్లో ఒకటి లేదన్నమాట. హఠాత్తుగా టక్కున ఆగితే ఒక లెక్క. ఇలా నీరసించి ఆగితే ఆకలి. డీజిల్ అందడం లేదు.

ఇంతవరకూ నా తర్కంలో తప్పు లేదు. దొంగ ఏ వీధిలో ఉన్నాడో సరిగ్గానే కనిపెట్టాను. తర్వాత రెండు నెలలూ ఆ వీధిలో తప్పుడు ఇళ్ల తలుపులే కొట్టాను.

కింద దూరి ఫిల్టర్ మీదున్న చిన్న స్క్రూ వదులు చేశాను. 'సుయ్' మంది. లోపల చిక్కుకున్న గాలి బయటికొచ్చిందనుకున్నాను. ఫీడ్ పంపుకి ఉన్న మీట వేలితో కొడుతూ పోతే స్క్రూ దగ్గర బుడగలొచ్చాయి. నురగ, తర్వాత చిన్న బుడగలు, తర్వాత నిఖార్సైన డీజిల్. స్క్రూ బిగించి సెల్ఫ్ కొట్టాను. ఇంజన్ అందుకుంది. హాయిగా ఇంటికొచ్చాను. పుస్తకంలో రాశాను: "పైపులో ఎయిర్ పట్టింది. తీశాను. సమస్య పరిష్కారం."

రెండోసారి వెళ్లినప్పుడూ ఆగింది. ఎయిర్ తీస్తే మళ్లీ నడిచింది. అంటే ఎక్కడో గాలి దూరుతోంది. డీజిల్ పైపులన్నీ మార్చాను, క్లిప్పులు మార్చాను. రెండు గంటలు నడిచింది. గెలిచాననుకున్నాను. మరో వారం ఆగింది. రాగి వాషర్లన్నీ కొత్తవి వేశాను. నడిచింది. ఆగింది. ఫీడ్ పంపు కొత్తది వేశాను. నడిచింది. ఆగింది. నాజిళ్లు మూడూ ఇప్పించి టెస్టింగుకి పంపాను. నాజిల్ తుంపర కొట్టే ఒత్తిడి మోటారు సైకిల్ టైర్లో ఉండే గాలి ఒత్తిడికి వంద రెట్లుంటుందని, వేలు అడ్డం పెడితే చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుందని, ఆ షాపు కుర్రాడికి పావుగంట పాఠం చెప్పాను. పొద్దస్తమానం ఆ పనే చేసుకునే కుర్రాడు. ఓపిగ్గా విన్నాడు. నాజిళ్లు బంగారంలా ఉన్నాయని తిరిగిచ్చాడు.

ఇక్కడ నన్ను మోసం చేసిందేమిటో చెప్పాలి. నేను వేసిన ప్రతి మందూ పనిచేసింది. మందు తప్పయితే జబ్బు తగ్గకూడదు కదా. తగ్గేది, ప్రతిసారీ, కాసేపు. అసలు పనిచేసింది మందు కాదు, మందు వెయ్యడానికి నేను మూత తియ్యడం. అది అప్పుడు తోచలేదు. గుళ్లో ప్రదక్షిణలు చేస్తే బరువు తగ్గిందని, తీర్థంలో ఏం కలిపారా అని ఆలోచించినవాడిలాంటివాణ్ణి.

పుస్తకంలో మరో వింత నమోదైంది. ట్యాంకు నిండా ఉన్నరోజు 18, 20, 22 నిమిషాల్లో ఇంజన్ ఆగేది. సగం ట్యాంకుతో వెళ్లినరోజు రెండు గంటల దగ్గర దగ్గరగా నడిచేది. అంకెల కింద ఎర్ర గీత కూడా గీశాను. దాన్నిబట్టి నేను తేల్చిందేమిటంటే, కొత్తగా పోయించిన డీజిల్‌లో కల్తీ ఉంది. బంకుకెళ్లి గొడవపడ్డాను. మేనేజరు సీసాలో డీజిల్ పట్టి, తేటగా ఉందని ఎండలో పెట్టి చూపించాడు. "పైకి తేటగా ఉన్నదల్లా మంచిది కాదు" అని వేదాంతం చెప్పి వచ్చేశాను. ఆయనకి ఇప్పటికీ క్షమాపణ చెప్పలేదు. ఆ బంకు ముందునుంచి వెళ్లాల్సొస్తే మరో వీధి తిరిగి వెళ్తాను.

ఇంకోటి. ఇంజన్ నీరసించే ముందు కాళ్లకింద ట్యాంకు వైపునుంచి 'డబ్' మని చప్పుడొచ్చేది. అల కొట్టిందనుకునేవాణ్ణి. అలలేని రోజు చేప తగిలిందనుకున్నాను.

ముసలి సరంగు ఇదంతా చూస్తూనే ఉండేవాడు. ఓరోజు గట్టుమీంచి, "ఏటండి, మళ్లీ ఆగిందా?" అన్నాడు. "ఇంజెక్షన్ సిస్టంలో సక్షన్ సైడు ఎయిర్ లీకేజి" అన్నాను. అతనికి అర్థం కాకూడదనే అలా అన్నానని ఇవాళ ఒప్పుకుంటున్నాను. "ఆయ్" అన్నాడు. ఆ "ఆయ్" వేరు.

సంక్రాంతికి బావమరిదీ వాళ్లూ వచ్చారు. కనుమ నాడు పడవ షికారు పెట్టాను. కనుమ నాడు కాకైనా కదలదంటారు. మా ఆవిడ ఆ మాటే అంది. "కాకికి ఇంజన్ లేదు" అన్నాను. పొద్దున్నే క్యాన్లతో డీజిల్ తెచ్చి ట్యాంకు మెడదాకా నింపి, మూత నా రెండు చేతులా బిగించాను.

ఉప్పుటేరు దాటి బయటికొచ్చాం. ఎదురుగా హోప్ ఐలాండ్ సన్నటి గీతలా కనబడుతోంది. దక్షిణంగా కోరంగి మడ అడవుల పచ్చదనం. పిల్లలు ఈలలేస్తున్నారు. నేను చుక్కాని దగ్గర నిలబడి బావమరిదికి డీజిల్ కథ మొదలెట్టాను. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో తన ఇంజన్ విజయవంతంగా నడిపించాడని, 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో అలాంటి ఇంజన్ ఒకటి వేరుశనగ నూనెతో నడిచిందని, 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లండు వెళ్లే ఓడ ఎక్కిన ఆ మహానుభావుడు తెల్లారేసరికి ఓడలో లేడని...

సరిగ్గా ఆ మాట దగ్గర 'డబ్' మంది. ఇంజన్ తగ్గింది, లేచింది, తగ్గింది, ఆగిపోయింది.

నలుగురూ నన్నే చూస్తున్నారు. అలవాటు ప్రకారం కింద దూరి ఎయిర్ తీస్తే పది నిమిషాల్లో బయల్దేరేవాళ్లం. కానీ కొత్త చొక్కా మీదున్నాను. చెల్లెలి వరసైన మనిషి ఎదురుగా, చెమటలు కక్కుతూ మోకాళ్లమీద పాకడం నామోషీ అనిపించింది. సెల్ఫ్ కొట్టాను. తిరిగింది గానీ అందుకోలేదు. మళ్లీ కొట్టాను. మళ్లీ. పది సెకన్లకి మించి ఏకబిగిన కొట్టకూడదని నేనే నోట్సులో రాయించేవాణ్ణి. ఆరోజు ఇరవై, ముప్ఫై సెకన్లు పట్టి ఉంచాను. ఎన్నిసార్లు కొట్టానో లెక్క లేదు.

మొదట్లో చెప్పిన ఉమ్మి సంగతి ఇక్కడికొస్తుంది. సెల్ఫ్ తిప్పినప్పుడల్లా ఇంజన్‌తోపాటు సముద్రపు నీళ్ల పంపు కూడా తిరుగుతుంది. నీళ్లు సైలెన్సర్‌లోకి పోస్తూనే ఉంటుంది. ఇంజన్ నడుస్తుంటే పొగ వాటిని తోసేస్తుంది. నడవకపోతే తోసేదెవరు? సైలెన్సర్ నిండుతుంది. నిండాక నీళ్లు వెనక్కి ఎక్కి, తెరిచున్న వాల్వులోంచి సిలిండర్‌లోకి దిగుతాయి. అందుకే ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సొస్తే అడుగు వాల్వు కట్టేసి కొట్టాలి, ఇంజన్ అందుకోగానే తెరవాలి. ఈ ముక్క నాకు తెలుసు. పరీక్షలో అడిగితే ఐదు మార్కులకి రాస్తాను.

'టక్' మని ఇంజన్ బిగుసుకుపోయింది. గాలిని నొక్కొచ్చు, నీళ్లు నొక్కుడు పడవు. పిస్టన్ పైకెళ్లి నీళ్లని గుద్దుకుని ఆగింది. నేనేమో బ్యాటరీ అయిపోయిందనుకుని రెండో బ్యాటరీకి మార్చి మళ్లీ కొట్టాను. ఆ దెబ్బకి కనెక్టింగ్ రాడ్డు వంగాల్సింది. వంగలేదు. అది ఆ రాడ్డు మంచితనం, నా తెలివి కాదు.

లంగరు వేద్దామంటే దాని తాడు పులిహోర గిన్నెలకీ కూల్‌డ్రింకుల పెట్టెకీ అడుగున ఉంది. అవన్నీ తీసి వేసేసరికి పాటు మమ్మల్ని చాలా దూరం లాగేసింది. మూడు బారల నీళ్లలో లంగరు పట్టాక బావమరిది నెమ్మదిగా అన్నాడు: "బావగారూ, కనుమ నాడు కదలని కాకిని చూశాను గానీ, కదలని పడవని చూడ్డం ఇదే. ఇంతకీ ఆ జర్మనాయన ఓడలోంచి దూకేశాడంటారా? ఎందుకో ఇప్పుడర్థమవుతోంది."

పొద్దు వాలాక పీతల వలలు తీసుకుని తిరిగొస్తున్న చిన్న ఫైబర్ బోటు ఒకటి మమ్మల్ని చూసి దగ్గరికొచ్చింది. వెనక చుక్కాని పట్టింది మా ముసలి సరంగే. తాడు విసిరి కట్టుకుంటూ, ఒక్కటే అడిగాడు.

"ట్యాంకీ మూత ఇప్పి చూసేరా మాస్టారండీ?"

"ట్యాంకు నిండా ఉంది. పొద్దున్నే నేనే పోశాను" అన్నాను, కాస్త విసుగ్గా.

"ఆయ్" అన్నాడు. బీడీ వెలిగించుకుని మమ్మల్ని లాక్కొచ్చాడు. రెండు నెలల నా వెతుకులాటకి జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. దానికి నేను జవాబు చెప్పేసి మూసేశాను.

ఉప్పునీళ్లు సిలిండర్లో ఒక్క రాత్రి నిలవున్నా గోడలకి తుప్పు పడుతుంది. అందుకని పండగ భోజనం మీదనుంచి మెకానిక్‌ని లేపుకొచ్చాను. మా పాలిటెక్నిక్‌లో సీటు రాక ఐటీఐ చదివినవాడు. టార్చి వెలుగులో నాజిళ్లు మూడూ ఇప్పి, క్రాంక్ నట్టుకి పానా వేసి చేత్తో తిప్పాడు. మూడు చిల్లుల్లోంచీ సముద్రం చిమ్మింది. ఒకటి నా కొత్త చొక్కా మీద పడింది. ఆయిల్ పుల్ల తీసి చూపించాడు. చిక్కటి పాలు పోసిన టీ రంగు.

"ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టారు మాస్టారూ?"

"నాలుగైదుసార్లు."

అతను సైలెన్సర్ డ్రెయిన్ తీశాడు. నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఇద్దరం వాటికేసే చూస్తూ నిలబడ్డాం. అతను ఏమీ అనలేదు. ఆ రాత్రి ఆయిల్ ఒకసారి మార్చి కాసేపు నడిపించాడు, పొద్దున్న మళ్లీ మార్చాడు, సాయంత్రం మూడోసారి. అప్పటికి పుల్లమీద ఆయిల్ ఆయిల్ రంగుకొచ్చింది. మూడోసారి పోసింది నేనే. కొత్త ఆయిల్ డబ్బా తెచ్చి, స్క్రూడ్రైవర్‌తో రేకు మీద ఒక మూల చిల్లు పొడిచి, ఎదురు మూల ఇంకో చిల్లు పొడిచి, గుడగుడలాడకుండా సన్నటి ధారగా పోశాను. ఖాళీ డబ్బా ట్యాంకు పక్కనే పెట్టాను.

మర్నాడు గట్టుకి కట్టే ఉంచి ఇంజన్ నడిపి చూశాను. ఇరవై నిమిషాలు. డబ్. తగ్గింది, లేచింది, ఆగింది. మెకానిక్ వేరే పని మీద వెళ్లాడు. చేతిలో పానా పట్టుకుని అలా చతికిలబడ్డాను. పక్క బోటులో వల ఆగింది. ముసలి సరంగు నా పడవలోకి దిగాడు. ఈసారి ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. వంగి ట్యాంకు మూత పట్టుకుని తిప్పాడు. బిగుసుకుపోయి ఉంది. పంచె చెంగు వేసి తిప్పాడు.

స్స్స్... అని పొడుగ్గా లోపలికి పీల్చుకుంది ట్యాంకు. వెంటనే 'డబ్' మని రేకు సాగింది. నా చేపా, నా అలా అదే.

అతను పడవ అంచుమీద బోర్లాపడి, బయటవైపు అంచు కింద చెయ్యి పెట్టి తడిమాడు. ట్యాంకులోకి గాలి పోయే గొట్టం మూతి అక్కడుంది, చిటికెన వేలంత. చెవి వెనకనుంచి వల కుట్టే సూది తీసి పొడిచాడు. ఎండుమట్టి రాలింది. మట్టితోపాటు ఎండిపోయిన సాలీళ్లు రెండు మూడు. వానాకాలమంతా టార్పాలిన్ నీడలో కందిరీగ గూడు కట్టుకుని, పిల్లలకి తిండి దాచి, మూతికి మెత్తేసి పోయింది.

"డబ్బాకి ఒక్క చిల్లే పెడితే నూని కారదు కదండీ" అన్నాడు. కాలితో నా ఆయిల్ డబ్బాని కొంచెం పక్కకి జరిపి గట్టెక్కాడు.

డబ్బా మీద రెండు చిల్లులు. నిన్న నేనే పొడిచినవి.

ఇంజన్ డీజిల్ తాగే కొద్దీ ట్యాంకులో ఆ మేరకు గాలి రావాలి. గొట్టం కందిరీగ మూసింది. పాత వాషర్ పగుళ్లలోంచి దొంగగా వచ్చే గాలిని నేను మూశాను. లోపలున్న కాస్త గాలీ సాగి సాగి, పంపు లాగలేనంత బిగువైంది. నిండు ట్యాంకులో ఆ గాలి నాలుగైదు లీటర్లే. లీటరు పైన డీజిల్ తాగేసరికి బిగువెక్కుతుంది. నా ఇంజన్‌కి అది ఇరవై నిమిషాల తిండి. సగం ట్యాంకులో 30 లీటర్ల గాలి, రెండు గంటలకి గానీ బిగువు రాదు. ఇది బాయిల్ సూత్రం. 31 ఏళ్లు, ఏడాదికి రెండు సెక్షన్లకి చెప్పాను. జవాబు నా పుస్తకంలోనే ఉంది, నా దస్తూరీలో, నా ఎర్ర గీతతో సహా. ఇక ఆ మొదటిరోజు స్క్రూ దగ్గర 'సుయ్' మన్నది బయటికొచ్చిన గాలి కాదు, లోపలికెళ్లిన గాలి. వేలు పెట్టుంటే తెలిసేది. చెవితో విన్నాను, అదీ నాక్కావలసినట్టు.

మా ఆవిడకి చెప్పడానికి మరో రెండు వారాలు పట్టింది. అంతా విని నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఆ ముసలాయన్ని ముందే అడిగుంటే ఏమయ్యేది?" అంది. ఏమయ్యేదో ఆలోచించాను. ఏమీ అయ్యేది కాదు. అడగడానికి నోరు తెరవాలి. నేను అన్నీ బిగించే మనిషిని.

ఇప్పుడు పడవ తీసే ముందు ఒక పని చేస్తాను. ట్యాంకు మూత తీసి, అంచుమీద బోర్లాపడి, గాలి గొట్టానికి నోరు పెట్టి ఊదుతాను. డీజిల్ కంపుకి కళ్లలో నీళ్లొస్తాయి. గట్టుమీద పిల్లలు నాకు "ఊదే మాస్టారు" అని పేరు పెట్టారు. ముసలి సరంగు వినీ విననట్టు వల కుట్టుకుంటాడు. మా ఆవిడ ట్యాంకు నోటి మీద అరచెయ్యి ఆనించి కూచుంటుంది. నేను తలకిందులుగా వేలాడుతూ ఊది, "వచ్చిందా?" అని అరుస్తాను.

"వచ్చిందండీ" అంటుంది. అప్పుడు స్టార్ట్ చేస్తాను.